టైప్-1 షుగరున్న అమ్మాయి, మధ్యాహ్నం ఇంజెక్షను: ఒక హైస్కూలు కేసు

నేపథ్యం

నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను అక్కడ హెచ్.ఎం.గా ఉన్నప్పుడు ఎనిమిది నుంచి పది దాకా చదివిన ఒక అమ్మాయి కేసు ఇది. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు మార్చాను. రాసినదంతా తల్లికీ అమ్మాయికీ చదివి వినిపించి, వాళ్లు వద్దన్నవి తీసేశాను.

తండ్రి పొగాకు బ్యారన్ల దగ్గర పనికి పోతాడు. తల్లి సీజన్లో గ్రేడింగుకి, మిగతా రోజుల్లో కూలికి పోతుంది. అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా టైప్-1 షుగరు బయటపడింది. ఉన్నట్టుండి చిక్కిపోవడం, ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరకపోవడం, రాత్రిళ్లు మాటిమాటికీ ఒంటేలుకు లేవడం, చివరికి వాంతులు, ఆయాసం, నెల్లూరులో ఐసీయూ. టైప్-1 చాలా ఇళ్లలో ఇలాగే తెలుస్తుంది.

పెద్దవాళ్లకు వచ్చే షుగరుతో కలిపి చూస్తారు కాబట్టి ఒక మాట చెప్పాలి. టైప్-1లో శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను దెబ్బతీస్తుంది. స్వీట్లు తిన్నందువల్ల వచ్చింది కాదు, మాత్రలతో, పత్యంతో పోయేది కాదు. జీవితాంతం ఇన్సులిన్ ఇంజెక్షన్లే. బడికి తెలియాల్సింది ఇంకొకటుంది. ఇన్సులిన్ మానేస్తే ప్రమాదం, ఇన్సులిన్ వేసుకుని టైముకు తినకపోయినా ప్రమాదమే. మొదటిది గంటలు, రోజుల మీద ముదురుతుంది. రెండోది ఒక పీరియడు లోపలే ముంచుకురావచ్చు.

ఈ అమ్మాయికి డాక్టరు రాసింది మూడు పూటలా తిండికి అరగంట ముందు రెగ్యులర్ ఇన్సులిన్, రాత్రికి ఇంకో రకం. ఉదయం, రాత్రి డోసులు ఇంట్లో తల్లి చూసుకుంటుంది. మధ్యాహ్నం డోసు బడిలో పడాలి. ఈ కేసంతా ఆ మధ్యాహ్నం డోసు చుట్టూ నడిచిందే.

మా దృష్టికి ఎలా వచ్చింది

ఎనిమిదో తరగతిలో చేరిన మొదటి నెలల్లో టీచర్ల ఫిర్యాదులు ఇవి: మూడో పీరియడు తర్వాత నిద్రపోతుంది, మాటిమాటికీ బాత్రూముకి అడుగుతుంది, ఒక్కోసారి ఊరికే విసుక్కుంటుంది, సోమవారాలు రాదు. ఇంగ్లిష్ టీచరు దీన్ని బద్ధకం అన్నారు, సోషల్ మాస్టారు పొగరు అన్నారు. చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో జబ్బు సంగతి లేదు. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ కార్యక్రమం) బృందం వచ్చి అందరు పిల్లలతో పాటు ఈ అమ్మాయినీ చూసి వెళ్లింది. అప్పట్లో ఆ కార్యక్రమం వెతికే 30 ఆరోగ్య సమస్యల జాబితాలో టైప్-1 షుగరు ఉండేది కాదు. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు చూశారు, అంతే.

ఒకరోజు లెక్కల టీచరు వృత్తలేఖిని కోసం ఆ అమ్మాయి కంపాస్ బాక్సు తెరిస్తే అందులో, స్కేలు కింద, మందు ఎక్కించి మూత పెట్టిన చిన్న సిరంజి ఉంది. గంజాయి మీద అవగాహన సదస్సు పెట్టిన కొత్త. స్టాఫ్ రూములో అందరి మనసులోకీ ముందు ఏం వచ్చి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

అక్కడ మొదటి నిర్ణయం: ముందు ఎవరిని అడగాలి? అమ్మాయిని పిలిచి అడిగితే నిమిషంలో తేలిపోతుంది. కానీ ఆఫీసు రూముకి పిలిచిన పిల్ల గురించి సాయంత్రానికి ఊరంతా మాట్లాడుకుంటారు. ఆశా కార్యకర్తను అడుగుదామంటే ఆమెది అదే వీధి. సిరంజి ఉన్నచోటే ఉంచి, బాక్సు తిరిగి ఇచ్చేయమని చెప్పాను. అది మందే అయితే అది లేకుండా ఆ పిల్లకు ప్రమాదం అన్న అనుమానం ఒక పక్క ఉంది. మధ్యాహ్నానికి తల్లి వచ్చింది. తలుపు వేసుకుని మాట్లాడాం.

‘ఎవురికీ చెప్పబాకండి సార్. ఆడపిల్లకి షుగరని బయట తెలిస్తే రేపు సంబంధాలు యాడొస్తాయి? ఆరో క్లాసులో ఉన్న బళ్లో తెలిసి, పక్కన కూచోనిచ్చేది లేదన్నారు’ అంది. మధ్యాహ్నం తాను వచ్చి ఇంజెక్షను వేస్తానని డాక్టరుకు చెప్పిందట. కూలి పోతుందని రాలేకపోయింది. అందుకని పొద్దునే సిరంజిలో మందు లాగి బాక్సులో పెట్టి పంపుతోంది. పిల్ల బాత్రూములో నిలబడి పొడుచుకుంటుంది. ఎవరైనా బయట తలుపు కొడితే ఆ పూటకి ఎగ్గొడుతుంది.

ఇప్పుడు ఫిర్యాదులన్నీ ఒక లైన్లోకి వచ్చాయి. డోసు ఎగ్గొట్టిన రోజు షుగరు పెరిగి దాహం, బాత్రూము. వేసుకున్న రోజు భోజనం ఆలస్యమైతే షుగరు పడిపోయి నిద్రమత్తు, చెమటలు, విసుగు. సోమవారం రాకపోవడానికి కారణం ఆదివారం ఆసుపత్రికి పోయి రాత్రి పొద్దుపోయి రావడం.

మొదటి ఏర్పాటు: రహస్యం

తల్లి కోరినట్టే క్లాస్ టీచరుకీ నాకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ నిర్ణయానికి కారణం ఉంది. జబ్బు సంగతి ఆ కుటుంబానిది. వాళ్లు నమ్మి చెప్పిన మొదటి వారంలోనే పదిమందికి పంచితే ఇంకోసారి ఏమీ చెప్పరు. క్లాస్ టీచరు ఓపికగల మనిషి. నాలుగో పీరియడు మధ్యలో ‘ఆ చార్టు తెచ్చిపెట్టమ్మా’ అని పంపేది. అమ్మాయి సైన్స్ ల్యాబులో ఇంజెక్షను వేసుకుని వచ్చేది. హాజరు పెరిగింది. కొన్ని నెలలు బాగానే నడిచింది.

ఆ టీచరు శిక్షణకు వెళ్లిన వారంలో ఏర్పాటు కూలింది. అమ్మాయి ఎవరికీ చెప్పకుండా ఇంజెక్షనైతే వేసుకుంది. ఆరోజు గ్యాసు అయిపోయి వంట ఆలస్యమైంది. వరండాలో లైన్లో నిలబడి ఉండగా చేతులు వణికి, ఒళ్లంతా చెమటలు పట్టి గోడకి జారబడింది. దగ్గరున్న హిందీ మాస్టారు పొద్దున తినకుండా వచ్చిందేమో అనుకుని చిక్కీ చేతిలో పెట్టారు. మంచి ఉద్దేశమే. అయితే వేరుశనగలోని కొవ్వు వల్ల చిక్కీలోని బెల్లం రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. షుగరు పడిపోయిన మనిషికి కావాల్సింది వెంటనే ఎక్కేది: మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి, లేదా గ్లూకోజు పొడి. ఎవరో పిల్లలు పరుగెత్తి నన్ను పిలిచారు. గ్లూకోజు తాగించాక తేరుకుంది.

సమస్య రహస్యంలో లేదు. మొత్తం ఏర్పాటు ఒక మనిషి సెలవు పెట్టకుండా ఉండటం మీద ఆధారపడింది. సర్కారు బడిలో ట్రైనింగులు, ఎలక్షన్ డ్యూటీలు, స్పాట్ వాల్యుయేషన్, బదిలీలు ఎప్పుడూ ఉండేవే. ఒక మంచి టీచరు మీద నిలబెట్టిన ఏ సాయానికైనా ఇక్కడ ఆయుష్షు తక్కువ.

రెండో ఏర్పాటు: అతి జాగ్రత్త

ఆ తర్వాత తల్లి ఒప్పుకోలుతోనే స్టాఫ్ మీటింగులో అందరికీ చెప్పాం. అందరూ కదిలిపోయారు. ముందు బెంచీలో సీటు. ఆటల పీరియడు మినహాయింపు. మధ్యాహ్న భోజనం వద్దు, ఇంటి నుంచి రాగి సంగటి తెచ్చుకోమన్నారు. శనివారం చక్కెర పొంగలి వడ్డించేటప్పుడు ఆయమ్మ గరిటె వెనక్కి లాక్కుని ‘నీకొద్దులే తల్లీ’ అనేది. ఒక మేడం ప్రార్థన సమావేశంలో పేరు చెప్పకుండానే ‘మనలో ఒక చెల్లి రోజూ సూదులు పొడుచుకుంటోంది’ అని ఆరోగ్యం మీద మాట్లాడారు. పేరు చెప్పనక్కర్లేదు కదా, పిల్లలందరూ వెనక్కి తిరిగి చూశారు.

హాజరు మొదటికన్నా పడిపోయింది. రహస్యంగా ఉన్నప్పుడు ఆ అమ్మాయి భయపడేది కానీ బడికి వచ్చేది. ఇప్పుడు రావడమే మానేసింది. ఇంటికి వెళ్తే ‘నన్ను బాగా చూసుకుంటున్నారు సార్, అందుకే రాబుద్ధి కావడం లేదు’ అంది. ఈ మాట ఎన్ని ట్రైనింగ్ మాడ్యూళ్లలోనూ దొరకదు.

పైగా టీచర్లలో ఇంకో వరస మొదలైంది. ‘రేపు ఏమన్నా అయితే మా మీదకొస్తుంది సార్, మాకెందుకు ఆ రిస్కు, కేజీబీవీలో (ఆడపిల్లల సర్కారు హాస్టల్ బడి) చేర్పిస్తే వాళ్లే చూసుకుంటారు’ అని ఇద్దరు అన్నారు. కేజీబీవీలో కూడా ఉండేది టీచర్లే, డాక్టర్లు కాదు. ఆ మాట పక్కన పెట్టినా, వాళ్ల భయం అబద్ధం కాదు. ఎవరు ఏం చెయ్యాలో చెప్పకుండా అందరినీ బాధ్యులను చేస్తే ప్రతి ఒక్కరూ తన మెడకే చుట్టుకుంటుందని అనుకుంటారు.

ఏది పనిచేసింది

తొమ్మిదో తరగతి మొదట్లో మళ్లీ కూర్చున్నాం. ఈసారి వరుస మారింది. ముందు అమ్మాయితో, తర్వాత తల్లితో, ఆ తర్వాత డాక్టరుతో, చివర స్టాఫుతో. అమ్మాయిని అడిగింది రెండే: ఎవరికి తెలిస్తే నీకు పర్లేదు, ఏం చెయ్యకుండా ఉంటే నీకు బాగుంటుంది? మొదటిదానికి, టీచర్లకు తెలియొచ్చు, క్లాసులో ఇద్దరు స్నేహితురాళ్లకు తానే చెప్పుకుంటానంది. రెండోదానికి జవాబు చాలా పొడవు. ఆటలు ఆపొద్దు, వేరే తిండి వద్దు, ప్రేయర్లో మాట్లాడొద్దు, ‘పాపం’ అనొద్దు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో పిల్లల డాక్టరు ఒకటిన్నర పేజీ రాసిచ్చారు. దాన్ని మేం ఒక్క పేజీ చేశాం. స్టాఫు దగ్గర పెట్టినప్పుడు మొదట చదివింది టీచర్లు చెయ్యకూడని పనులు. ఇంజెక్షను టీచర్లు వెయ్యరు, డోసు నిర్ణయించరు, ఏం తినాలో చెప్పరు, అమ్మాయిని ఒంటరిగా ఇంటికి పంపరు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యరు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేస్తారు. చెయ్యాల్సినవి నాలుగే: చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే గ్లూకోజు ఇవ్వడం, పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ పరీక్ష చేసుకోమనడం, అప్పటికీ షుగరు 70 దాటకపోతే ఇంకోసారి ఇవ్వడం, తల్లికి ఫోను. బాత్రూముకి అడిగితే కారణం అడక్కుండా పంపడం అన్నది ఐదోది కావాలని ఎవరో అన్నారు. అది ఆడపిల్లలందరికీ వర్తించేదేనని వేరే పెట్టలేదు, మొత్తం బడికి చెప్పాం.

చెయ్యకూడని జాబితా చదివాక ఆ గదిలో టెన్షన్ దిగడం కళ్లారా చూశాను. ‘రిస్కు’ అన్న ఇద్దరిలో ఒకరు తన టేబులు సొరుగులో గ్లూకోజు ప్యాకెట్టు పెడతానని ముందుకొచ్చారు. సాయం చెయ్యమని అడిగేటప్పుడు ఆ సాయానికి హద్దు ఎక్కడో చూపించాలి. మా దగ్గర పని కదిలింది అక్కడ్నుంచే.

ఇన్సులిన్ సీసా బడిలోనే ఉంచాలని నిర్ణయించాం. పొద్దున లాగిన సిరంజి కంపాస్ బాక్సులో, మెట్ట ఎండలో, నాలుగు గంటలు ఉంటే మందు దెబ్బతింటుందని డాక్టరు గట్టిగా చెప్పారు. వాడుతున్న సీసా మామూలు గది వేడిలో నెల దాకా ఆగుతుంది కానీ మా దగ్గర ఏప్రిల్లో గది వేడి అంటే ఫ్రిజ్ లేనిదే ఆగే వేడి కాదు. బడిలో ఫ్రిజ్ లేదు, కొన్నా కరెంటు నమ్మకం లేదు. పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత దించి, అందులో నీళ్లు చేరకుండా ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి, పైన తడిగుడ్డ కప్పాం. పొద్దున, మధ్యాహ్నం ఇసుక తడపడం అటెండరు పని. సైన్స్ మాస్టారు ఒక థర్మామీటరు లోపల పెట్టి, బాష్పీభవనం పాఠం ఆ కుండ దగ్గరే చెప్పారు. కుండ ఎందుకుందో ఆ పాఠంలో రాలేదు.

ఇంజెక్షను వేసుకునే చోటు ల్యాబు పక్కన స్టోరు గది. కుర్చీ, సబ్బు, వాడిన సూదులు వెయ్యడానికి మందపాటి ప్లాస్టిక్ సీసా. అది నిండితే ఏఎన్ఎం తీసుకుపోతుంది. ఏఎన్ఎంతో ఈ చిన్న సంబంధం ఇంకో చోట కలిసొచ్చింది. ఒక దశలో వరసగా వారం రోజులు అమ్మాయి షుగరు మూడొందలు దాటింది. తల్లి తిండిని తిట్టింది, పిల్ల ఏడ్చింది. సూదుల సీసా తీసుకోవడానికి వచ్చిన ఏఎన్ఎం అందులో నారింజ రంగు మూత సిరంజిలు చూసి ఆగింది. ఆసుపత్రిలో ఇచ్చే సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్ల రకం, దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మెడికల్ షాపులో 100 యూనిట్ల సిరంజి ఇచ్చారు. దానిలో పది గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది నాలుగు యూనిట్లే. మా కాగితం పైన ‘ఎర్ర మూత’ అని పెద్దక్షరాలతో ఆరోజు చేరింది.

భోజనం సంగతి ఇంకాస్త చెప్పాలి. వేరే తిండి వద్దని అమ్మాయి అంది, డాక్టరు కూడా వద్దన్నారు. బడి అన్నం తినొచ్చు, ఎంతో తెలిస్తే చాలు. ఆయమ్మతో మాట్లాడి ఒకే గరిటె, రోజూ అన్ని గరిటెలే అని ఖాయం చేసుకున్నాం. రాగి జావ, చిక్కీ రోజుల్లో వాటిలోని బెల్లం లెక్క డాక్టరే వేసి ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యమైంది టైము. ఇంజెక్షను పడిన అరగంటకు పళ్లెం ముందుండాలి. ఒక్క పిల్లను లైను దాటించి ముందు పెడితే మళ్లీ అందరి కళ్లూ అటే. అందుకని ఆ పిల్ల సెక్షను మొత్తాన్ని మొదటి బంతిలో కూర్చోబెట్టాం. వంట కాలేదని ఆయమ్మ పదకొండున్నరకి కబురు పెడితే ఆరోజు ఇంజెక్షను ఆలస్యంగా వేసుకుంటుంది. అన్నం ఉడికిందా లేదా అన్నది ఇంజెక్షనుకు ముందే తెలియాలన్న ఒక్క నియమంతో వరండాలో జరిగినలాంటిది మళ్లీ జరగలేదు.

రెగ్యులర్ ఇన్సులిన్ పని రెండు మూడు గంటల తర్వాత బాగా జోరుగా ఉంటుంది, మా ఆటల పీరియడు సరిగ్గా అప్పుడే. పీఈటీ గారు ఖో-ఖోకి ముందు షుగరు చూసుకోమని, తక్కువుంటే అరటిపండు తిని రమ్మని అన్నారు. మినహాయింపు పీకేసిన నెలకే ఆ అమ్మాయి మండల స్థాయి జట్టులో ఉంది. దీన్ని విజయగాథగా చెప్పడం లేదు, ఆ జట్టు మొదటి మ్యాచిలోనే ఓడింది.

ఒంటిపూట, బదిలీ, పదో తరగతి

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక కుదిరిన లెక్క తప్పింది. ఏడుంబావుకే ఇల్లు కదలాలి, పొద్దున తిండి సగమే, డోసు మాత్రం మామూలే. పది గంటలకి వణుకు. టైంటేబులు మారిన ప్రతిసారీ డోసు టైములు డాక్టరును అడిగి మార్చాలని అప్పుడు కాగితంలో రాసుకున్నాం. దసరా సెలవుల తర్వాత, పరీక్షల ముందు, ఒంటిపూటకు ముందు: మూడుసార్లు ఫోను, క్లాస్ టీచరు బాధ్యత.

పదో తరగతికి ముందు వేసవిలో ఆ క్లాస్ టీచరుకి బదిలీ అయింది. ఏర్పాటు నిలుస్తుందా అన్నది తేలింది అక్కడ. ఆ పేజీ, డాక్టరు ఉత్తరం, తల్లి సంతకం ఉన్న అంగీకారం ఒక ఫైల్లో ఉన్నాయి. ఆ ఫైలు టీచరుది కాదు, బడిది. ఛార్జి అప్పగింత జాబితాలో ల్యాబు సామాను, లైబ్రరీ పుస్తకాలతో పాటు అదీ ఒక వరస. కొత్తగా వచ్చిన మేడం జూన్ మొదటి వారంలోనే కుండ ఎక్కడని అడిగారు.

పరీక్షల్లో చిక్కు వేరే. మా పిల్లల సెంటరు ఇంకో బడిలో పడింది. పేపరు తొమ్మిదిన్నర నుంచి పన్నెండు ముప్పావు దాకా, అంటే మధ్యాహ్నం డోసు టైము హాల్లోనే గడిచిపోతుంది. డాక్టరు ఆ రోజులకు డోసును పరీక్ష అయ్యాక భోజనానికి జరిపారు. హాల్లో గ్లూకోమీటరు, గ్లూకోజు, నీళ్లు ఉంచుకోనివ్వాలని కోరడానికి ఆధారం కావాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ ఉన్నాయి, టైప్-1 షుగరు లేదు. కాబట్టి ఆ దారిలో పోతే తిరస్కారమే. టైప్-1 ఉన్నవాళ్లు హాల్లోకి తినుబండారాలు తెచ్చుకోవచ్చని సీబీఎస్ఈ 2017లో అనుమతిచ్చింది. బడుల్లో, పరీక్షల్లో ఇలాంటి వెసులుబాటు ఇవ్వమని జాతీయ బాలల హక్కుల కమిషను 2023లో రాష్ట్రాలకు రాసింది. సీబీఎస్ఈ ఉత్తర్వు మన ఎస్సెస్సీకి వర్తించదు. అయినా అడగడానికి ఒక ముందు ఉదాహరణ. ఇవి జతచేసి, వైద్య ధ్రువపత్రంతో ఎంఈఓ ద్వారా డీఈఓ ఆఫీసుకు హాల్ టికెట్లు రాకముందే పెట్టాను. అనుమతి వచ్చాక చీఫ్ సూపరింటెండెంటును, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరును విడిగా కలిసి మీటరు చూపించాను. కాగితం మీద అనుమతి ఉన్నా, ఇన్విజిలేటరు మొదటిసారి ఆ మీటరు చూసేది పరీక్ష రోజు కాకూడదు. ఎండకాలం కాబట్టి సెంటర్లో ఏఎన్ఎం ఎలాగూ ఉంటుంది, ఆమెకూ ఒక కాపీ.

లెక్కల పేపరు రోజు పదకొండుకి మీటరు 64 చూపించింది. అమ్మాయి గ్లూకోజు కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలు పెన్ను పక్కన పెట్టి, మళ్లీ చూసుకుని రాసింది. అదనపు సమయం ఇవ్వలేదు. ఆ కొంత సమయం పోయినందుకు ఒక ఎనిమిది మార్కుల ప్రశ్న వదిలేశానని చెప్పింది. ఇలాంటి పిల్లలకు పోయిన నిమిషాలు కలిపే నిబంధన కావాలని ఆ తర్వాత మళ్లీ రాశాను. జవాబు రాలేదు.

ఇంకా తెగనివి

బడి చెయ్యలేకపోయినవి కొన్ని. ఇన్సులిన్ ఉచితంగా దొరికినా షుగరు చూసుకునే స్ట్రిప్పులు ఆ కుటుంబం కొనుక్కోవాల్సిందే. గ్రేడింగు పని లేని నెలల్లో అమ్మాయి రోజుకు ఒక్కసారి చూసుకునేది. దాతల డబ్బుతో కొంతకాలం నడిపాం, అది శాశ్వతం కాదు. పెళ్లి సంబంధాల గురించి తల్లి భయం తగ్గలేదు, దాన్ని తగ్గించడం మా పని అని కూడా నేను అనుకోలేదు.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఫైల్లోని కాగితాల నకలు ఇచ్చి పంపాం. చేరిన కాలేజీ హాస్టల్లో ఫ్రిజ్ వార్డెను గదిలో ఉంది, రాత్రి పదికి తాళం పడుతుంది, రాత్రి డోసు పదిన్నరకి. కుండ ఎలా చెయ్యాలో అడగడానికి ఆ అమ్మాయే ఫోను చేసింది. ఇసుక బండి దొరికే చోటు, ముంత సైజు చెప్పాను.